కుంఫిణీ కచేరికి రాసిన అర్జీ: కోయిలకుంట్ల తాలూకా నేపథ్యంలో 19వ శతాబ్ది విన్నపాల పరిశీలన

వ్యాససంగ్రహం

19వ శతాబ్ది తొలి అర్ధభాగంలో దత్తమండలాల రైతులు, ఇనాందార్లు, పదవి కోల్పోయిన పాళెగాళ్ల కుటుంబాలు ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వానికి పెట్టుకున్న అర్జీల స్వరూపాన్ని, కచేరిలో అవి నడిచిన దారిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అర్జీ ఎవరి మీద రాశారో చివరికి వారి చేతికే విచారణకు చేరడం ఆ వ్యవస్థలోని ప్రధానమైన లోపమని, 1846లో కోయిలకుంట్ల ఖజానాపై జరిగిన దాడిని ఆ లోపంతో కలిపి చదవవలసి ఉందని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: అర్జీ, కచేరి, దత్తమండలాలు, కోయిలకుంట్ల, కట్టుబడి ఇనాములు, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి, సి.పి. బ్రౌన్, చిత్రహింసల విచారణ సంఘం.

ఉపోద్ఘాతం

తెలుగు వచన వికాసాన్ని పాఠం చెప్పేటప్పుడు మనం సాధారణంగా దక్షిణాంధ్ర యుగపు వచన గ్రంథాల నుంచి కైఫియతులకు, అక్కడి నుంచి ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రకు (1838లో ముద్రితం), ఆ తరువాత చిన్నయసూరి నీతిచంద్రికకు (1853) వస్తాం. ఈ మెట్ల వరుసలో అర్జీకి చోటు లేదు. 1800 తరువాత తెలుగు నేల మీద అక్షరం వచ్చినవారు, రానివారు కూడా ఎక్కువగా ఆశ్రయించిన వచన రూపాల్లో అర్జీ ఒకటి. అక్షరం రానివాడు డబ్బిచ్చి రాయించుకునేవాడు. కావ్యం ఎన్నడూ వినని మనిషి కూడా జీవితంలో ఒక్కసారైనా ఒక అర్జీకి కర్త అయ్యే అవకాశం ఉండేది. సాహిత్య చరిత్రకారులు దీన్ని చరిత్రకారులకు వదిలేశారు. చరిత్రకారులు అందులోని సమాచారం తీసుకుని భాషను వదిలేశారు. ఈ రెండింటినీ కలిపి చూడటం ఈ వ్యాస ఉద్దేశం.

పరిశీలనకు కోయిలకుంట్ల తాలూకాను ఎంచుకోవడానికి కారణం ఉంది. పడమట ఎర్రమలలు, తూర్పున నల్లమలలు, నడుమ కుందూ నది, నల్లరేగడి భూములు గల ఈ ప్రాంతం రేనాడులో భాగం. ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న ఈ తాలూకా 1858 వరకు కడప జిల్లాలోనిది. ఇక్కడి వాడు కలెక్టరు ముందు నిలబడాలంటే పెన్న దాటి, సుమారు 100 కిలోమీటర్లు నడిచో బండి కట్టుకునో కడపకు పోవాలి. ఆ దూరాన్ని దాటించే సాధనం కాగితమే. ఆ కాగితం విఫలమైతే ఏమవుతుందో తెలుగు దేశంలో అందరికీ తెలిసిన ఉదాహరణ కూడా ఈ తాలూకాలోనే ఉంది.

కచేరి, దాని భాష

1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి అప్పగించాడు. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ పనిచేశాడు. ఆయన వచ్చేనాటికి ఈ ప్రాంతంలో సుమారు 80 మంది పాళెగాళ్లు ఉన్నారు. సైన్యాలను, పన్ను వసూలు చేసే అధికారాన్ని వారి నుంచి తొలగించి, కొందరిని వెళ్లగొట్టి, కొందరిని భరణాలపై కూర్చోబెట్టారు. 1802లో భూముల సర్వే మొదలైంది. రైతుకు, సర్కారుకు మధ్య నేరుగా పట్టా ఉండాలన్నది మన్రో పట్టుదల. 1808లో దత్తమండలాలు బళ్లారి, కడప జిల్లాలుగా విడిపోయాయి.

ఈ మార్పును మనం పన్నుల విధానంలో వచ్చిన మార్పుగానే చదువుతుంటాం. రైతుకు అది మాటతీరులో వచ్చిన మార్పు కూడా. పాళెగాడి ముందు చేతులు కట్టుకుని నోటితో చెప్పుకున్న గోడు ఇప్పుడు కాగితం మీదికి ఎక్కాలి. రైతువారీలో ప్రతి పొలానికి ఒక లెక్క, ప్రతి రైతుకు ఒక పట్టా. కనుక తగాదా కూడా విడివిడిగా, పేరుపేరునా, రాతపూర్వకంగా రావలసి వచ్చింది. విడిగా రైతును గుర్తించిన ప్రభుత్వం తనకు తెలియకుండానే విడిగా అర్జీదారును కూడా పుట్టించింది.

కచేరి భాష ఒక్కటి కాదు. గ్రామ కరణం లెక్క తెలుగులో ఉంటుంది. హుజూరు కచేరిలో దేశస్థ బ్రాహ్మణ ఉద్యోగుల ప్రాబల్యం వల్ల మరాఠీ లెక్కలు చాలాకాలం నడిచాయి. కలెక్టరు మద్రాసులోని రెవెన్యూ బోర్డుకు రాసేది ఇంగ్లీషులో. వీటన్నిటి మీదా నవాబుల కాలపు పారశీక, అరబ్బీ పదజాలం పరుచుకుని ఉంది. అర్జీ, హుకుం, తాకీదు, దాఖలా, కౌలు, మహజరు, ఫైసలా, రుజువు, జమాబంది, శిరస్తదారు, వీటిలో ఏ ఒక్కటీ పుట్టుకతో తెలుగు మాట కాదు. అయినా ఇవి లేని తెలుగు ఆనాటి కచేరిలో లేదు.

ఈ భాషను మొదట గంభీరంగా తీసుకున్నవాడు సి.పి. బ్రౌన్. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన బ్రౌన్‌కు ఎదురైన తెలుగు పండితులు బోధించిన తెలుగు కాదు, కచేరి తెలుగు. తరువాతి కాలంలో ఆయన స్వంత ఉత్తరాలు, వ్యాపార లేఖలు, పోలీసు, రెవెన్యూ వ్యవహారాల కాగితాలు చేర్చి ఇంగ్లీషు అనువాదంతో ఒక తెలుగు వాచకం వెలువరించాడు. కచేరి మాటలకు జిల్లా నిఘంటువు (1852), అన్యదేశ్యాలకు మిశ్రభాషా నిఘంటువు (1854) కూర్చాడు. నీతిచంద్రిక అచ్చయిన కాలమూ ఇదే. ఒకే నగరంలో, ఒకే దశాబ్దంలో ఒకరు తెలుగు వచనం ఎలా ఉండాలో చూపిస్తుంటే, మరొకరు అది ఎలా ఉందో పోగుచేస్తున్నారు. పాఠశాలలు మొదటి దారి పట్టాయి. అర్జీ వచన చరిత్రలోంచి జారిపోవడానికి అది ముఖ్య కారణమని నా అభిప్రాయం.

అర్జీ స్వరూపం

అర్జీకి ఒక అచ్చు ఉంది. మొదట సంబోధన: మహారాజరాజశ్రీ అనే బిరుదుతో, దొరగారి సముఖానికి అని. ఆ బిరుదు మ.రా.రా.శ్రీ అనే పొడి అక్షరాలుగా 20వ శతాబ్ది ఉత్తరాలలో కూడా బతికింది. ఆ తరువాత అర్జీదారు పేరు, తండ్రి పేరు, గ్రామం, తాలూకా. తానెవరో చెప్పుకునే చోట దాసుడు, బీదరైతు, గతిలేనివాడు వంటి మాటలు. పిమ్మట సంగతి. చివర చిత్తగించవలెనని ప్రార్థన, తేదీ, వ్రాలు లేదా నిశాని.

దాసానుదాసుడనని చెప్పుకోవడాన్ని అక్షరాలా తీసుకోవడం పొరపాటు. విన్నపం అన్న మాట మన భాషలో దేవుడికీ రాజుకూ కూడా వాడినదే. భక్తుడు దేవుడి ముందు దీనుడై నిలబడి, ఆ దైన్యాన్నే హక్కుగా చేసుకుని నిలదీసే పద్ధతి మనకు కొత్త కాదు. అర్జీలో కూడా తల వంచేది సంబోధనలోనే. సంగతిలోకి దిగగానే స్వరం మారుతుంది. ఫలానా సర్వేలో నా పొలం ఇంత తరం కట్టారు, ఫలానా సంవత్సరం పట్టా ఇది, ఇనాముకు సన్నదు ఇది, నా తాత నాటి అనుభవం ఇది అని లెక్కలు వస్తాయి. దయను ప్రార్థించి మొదలుపెట్టిన మనిషి చివరికి ప్రభుత్వం ఇచ్చిన మాటను ప్రభుత్వానికే చూపిస్తున్నాడు. వినయం అర్జీకి తొడుగు, వాదం దాని ఒడలు.

ఇంతకూ అర్జీ రాసేదెవరు? గ్రామంలో రాత వచ్చిన మనిషి కరణం. రైతు ఫిర్యాదు చాలాసార్లు కరణం మీదనో, కరణంతో కుమ్మక్కయిన రెడ్డి మీదనో ఉంటుంది. అందుకని వేరే ఊరి కరణాన్నో, ఉద్యోగం పోయిన గుమాస్తానో, కసబాలో అర్జీలు రాసి బతికే రాయసగాణ్ణో వెతుక్కోవాలి. అతనికి కచేరి మెచ్చే మాటలు తెలుసు. రైతు కుందూ గట్టు మీద మాట్లాడే మాట, కాగితం మీదికి వచ్చే మాట ఒకటి కావు. కనుక అర్జీని రైతు స్వరమని నేరుగా అనలేం, రైతు స్వరం కాదనీ అనలేం. పొలం పేరు, ఎద్దుల సంఖ్య, కొట్టినవాడి పేరు, కొట్టిన చోటు, ఇవి రాయసగాడి కల్పనలు కావు. పడికట్టు మాటల మధ్య నుంచి ఈ వివరాలు ముల్లులా పొడుచుకుని వస్తాయి. పరిశోధకుడు చెవి పెట్టవలసింది అక్కడ. పేరు చెప్పే ధైర్యం లేనివారు రాసేవి మరో రకం. వాటిని నేటికీ మనం ఆకాశరామన్న ఉత్తరాలంటాం.

అర్జీ నడిచిన దారి

1816 చట్టాలతో కలెక్టరే మేజిస్ట్రేటు అయ్యాడు. తాలూకాలో శిస్తు వసూలు చేసే తాసీల్దారే పోలీసు అధికారి అయ్యాడు. గ్రామంలో రెడ్డి మునసబు అయ్యాడు. మన్రో ఆలోచనలకు అనుగుణంగా వచ్చిన ఈ ఏర్పాటుకు ఒక సమర్థన ఉంది: రైతు పది కోర్టుల చుట్టూ తిరగనక్కరలేదు, తన భాష తెలిసిన, తన ఊరు చూసిన అధికారే న్యాయం చెబుతాడు. మన్రో లాంటి కలెక్టరు గుడారాలు వేసుకుని ఊరూరా తిరుగుతూ రైతులను ఎదుట కూర్చోబెట్టి విన్నంతకాలం ఆ సమర్థనకు బలం ఉంది.

మన్రో తరువాత వచ్చిన వారందరూ మన్రోలు కారు. జిల్లా పెద్దది, దొర ఒక్కడు. కడప కచేరికి చేరిన తెలుగు అర్జీని శిరస్తదారు చదివి సారాంశం చెబుతాడు. కలెక్టరు వెనుక వైపు నాలుగు మాటలు రాయిస్తాడు. ఆ నాలుగు మాటలు తరచుగా, సంగతి విచారించి తెలియజేయవలసిందని తాసీల్దారుకు ఇచ్చిన ఉత్తర్వే. కాగితం మళ్లీ పెన్న దాటి బయలుదేరిన చోటికే వస్తుంది. తాసీల్దారు తన బంట్రోతు మీద వచ్చిన ఫిర్యాదును తానే విచారిస్తాడు. కరణం లెక్క తప్పని రైతు అంటే, ఆ లెక్క చూడమని కరణాన్నే పిలుస్తాడు. అర్జీదారు తిరిగి ఊళ్లోనే బతకాలి, వచ్చే ఏడాది జమాబందిలో అదే తాసీల్దారు ముందు నిలబడాలి.

ఇది కడపకో మద్రాసుకో పరిమితమైన వింత కాదు. అదే కాలంలో బ్రిటిష్ పాలనలో ఉన్న ఐర్లండులో బీదరైతులు, ఖైదీల భార్యలు డబ్లిన్ కోటలోని ప్రభుత్వానికి విన్నపాలు రాశారు. 1818 నుంచి అక్కడి చీఫ్ సెక్రటరీ కార్యాలయం రిజిస్టరు చేసిన కాగితాలు భద్రంగా ఉన్నాయి. శిక్ష తగ్గించమని ఖైదీ మొరపెట్టుకుంటే, ఆ శిక్ష వేసిన న్యాయమూర్తి అభిప్రాయమే అడిగేవారు. ఐర్లండులో విన్నపం సాధారణంగా పాలకుల భాషలోనే ఉండేది. ఇక్కడ అది తెలుగులో పుట్టి, మరొక భాషలో సంక్షిప్తమై, ఇంగ్లీషులో తీర్పు పొందేది. మలుపు మలుపుకూ కొంత రాలిపోయేది.

కోయిలకుంట్ల, 1846

నొస్సం పాళెగాడు జయరామిరెడ్డి అధికారం పోయి భరణదారుగా మిగిలినవాడు. ఆయన కుటుంబానికి చెందిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి వచ్చే భరణం నెలకు 11 రూపాయల చిల్లర. తన వంశీకుల చావుతో రద్దయిన భరణంలో కొంత భాగం తనకు రావాలని ఆయన ఆశించాడు. ప్రభుత్వం నిరాకరించింది. నరహరి గోపాలకృష్ణమ చెట్టి కూర్చిన కర్నూలు జిల్లా మాన్యువల్ (1886) తిరుగుబాటుకు చూపే మొదటి కారణం ఇదే. రెండవది కట్టుబడి ఇనాముల సంగతి. ఊరి కాపలాకు, బంటుతనానికి బదులుగా తరతరాలుగా అనుభవిస్తున్న భూములను, అనుభవదారు చనిపోగానే సర్కారు కలుపుకోవడం మొదలుపెట్టింది. ఆ కట్టుబడి బంట్లు నరసింహారెడ్డి వెంట నడిచారు.

ఈ రెండు కారణాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. రెండూ అర్జీకి తగిన విషయాలే. భరణం కొనసాగింపు, ఇనాము పునరుద్ధరణ అనేవి ఆనాటి కచేరి అర్జీల్లో నిత్యం కనిపించే కోరికలు. ఎవరూ కంపెనీ రాజ్యం పోవాలని అడగలేదు. అడిగింది కంపెనీయే ఒప్పుకున్న దాన్ని కొనసాగించమని. సన్నదు, భరణం పట్టీ, అనుభవం అనే మూడు ఆధారాలతో మాట్లాడే ఆ వాదం, పైన చెప్పిన అర్జీ వాదమే. దానికి కచేరి ఇచ్చిన జవాబు నియమం: అనుభవదారు పోతే హక్కు పోతుంది. అర్జీలో తాతల మాట ఉంటుంది, జవాబులో రూలు ఉంటుంది. రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు.

భరణం తెమ్మని నరసింహారెడ్డి పంపిన మనిషిని కోయిలకుంట్ల తాసీల్దారు అవమానించి పంపాడని ప్రజల్లో ఉన్న కథ. కథలోని ఈ ముడి నాకు ముఖ్యంగా తోస్తుంది. పాట కట్టినవారికి, కథ చెప్పినవారికి కంపెనీ రెగ్యులేషన్లు తెలియవు. వారికి తెలిసింది తాసీల్దారు నోటి మాట. విధానపు నిరాకరణ రైతుకు అందేటప్పటికి ఒక మనిషి చేసిన అవమానంగా మారిపోతుంది, ఎందుకంటే ప్రభుత్వం అతనికి కనిపించేది ఆ మనిషి రూపంలోనే.

1846లో నరసింహారెడ్డి అనుచరులతో కోయిలకుంట్ల ఖజానాపై పడ్డాడు. తాలూకా కసబాలో ఖజానా, తాసీల్దారు కచేరి వేర్వేరు లోకాలు కావు. భరణం అక్కడ నుంచే రావాలి, శిస్తు అక్కడికే చేరాలి, అర్జీ విచారణకు అక్కడికే రావాలి. దెబ్బ కొట్టిన చోటు యాదృచ్ఛికం కాదని అందుకే అనిపిస్తుంది. ఆ తరువాతి కథ తెలిసినదే. ఎర్రమలల్లో, నల్లమలల్లో తలదాచుకుంటూ, కోయిలకుంట్ల, కంభం తాలూకాల్లో పోరు సాగించి, గిద్దలూరు వద్ద లెఫ్టినెంట్ వాట్సన్ దళంతో తలపడి, చివరికి పేరుసోముల కొండ వద్ద పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. ఆయన తలను 1877 వరకు అక్కడ వేలాడదీసి ఉంచారు.

తిరుగుబాటు కాలంలో కలెక్టరు కాక్రేన్ పై అధికారులకు పంపిన ఉత్తరాలు, సైనికాధికారుల నివేదికలు చరిత్రకారులకు ప్రధాన ఆధారాలయ్యాయి. పాళెగాడి కుటుంబీకుడి కోరిక ఆ కాగితాల్లో ఒక వాక్యం. అతని దోపిడి, అతని పట్టివేత పేజీలకు పేజీలు. అడిగినంతకాలం ఫైలులో ఒక మూల ఉన్న మనిషి, ఆయుధం పట్టిన తరువాతనే ఫైలుకు శీర్షిక అయ్యాడు. రెండవ వైపు కథను జానపదులు కాపాడారు. తంగిరాల వెంకట సుబ్బారావు రేనాటి సూర్యచంద్రులు గ్రంథం ఆ వైపు నుంచి జరిగిన కృషి. ఇటీవలి సినిమా వల్ల నరసింహారెడ్డి పేరు దేశమంతా పాకింది కానీ, అందులో కత్తి మెరిసినంతగా కాగితం కనిపించదు. సినిమాను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. పరిశోధకులైన మనం కూడా ఆ తీరులోనే చదువుతున్నామన్నదే నా అభ్యంతరం.

అర్జీలు ఒక్కచోట చేరిన వేళ

నరసింహారెడ్డి ఉరి తరువాత ఏడేళ్లకు అర్జీకి అనుకోని అవకాశం వచ్చింది. మద్రాసులో వ్యాపారి, క్రెసెంట్ పత్రిక స్థాపకుడు గాజుల లక్ష్మీనరసు చెట్టి నాయకత్వంలో మద్రాసు నేటివ్ అసోసియేషన్ 1852లో ఏర్పడి, బ్రిటిష్ పార్లమెంటుకే విన్నపం పంపింది. జిల్లా కచేరి చుట్టూ తిరిగే కాగితం తాసీల్దారును, కలెక్టరును, బోర్డును దాటి సముద్రం అవతలికి పోయింది. పార్లమెంటు సభ్యుడు డాన్బీ సీమూర్ మద్రాసు వచ్చి పరిస్థితులు చూసి వెళ్లాడు. 1854 జూలైలో కామన్స్ సభలో చర్చ జరిగింది. శిస్తు వసూలులో చిత్రహింసలు ఉన్నాయా అన్నది ప్రశ్న. ఫలితంగా మద్రాసు ప్రభుత్వం ఎలియట్, స్టోక్స్, నార్టన్‌లతో విచారణ సంఘాన్ని నియమించింది.

సంఘం ప్రకటన వెలువడగానే ప్రెసిడెన్సీ నలుమూలల నుంచి జనం కదిలారు. 519 మంది స్వయంగా హాజరయ్యారు. 1,440 మంది లేఖలు పంపారు. మొత్తం 1,959 ఫిర్యాదులు. స్వయంగా వచ్చినవారి కంటే రాసినవారు రెండున్నర రెట్లకు పైగా ఉండటం గమనించదగినది. తాసీల్దారు చేతిలో పడని తొలి అర్జీలు ఇవేనేమో. తెలుగు జిల్లాల్లో చీరట అని నివేదిక నమోదు చేసిన, వేళ్లను రెండు కర్రల మధ్య బిగించే సాధనం పేరు ఇలాంటి కాగితాల ద్వారానే ప్రభుత్వ ముద్రణలోకి ఎక్కింది. వాగాడంబరం లేని ఆ మాట కోసం ఏ కవీ వెతకలేదు.

1855 నివేదిక దేశీయ ఉద్యోగుల హింస నిజమని ఒప్పుకుంది. యూరోపియన్ అధికారులకు అందులో పాత్ర లేదని వెనకేసుకువచ్చింది. ఈ రెండవ మాటను మనం జాగ్రత్తగా చదవాలి. శిస్తు మొత్తాన్ని నిర్ణయించినవాడికి, అర్జీని తాసీల్దారుకే తిప్పి పంపినవాడికి బాధ్యత లేదనడం ఎంతవరకు నిలుస్తుంది? అయినా బాధితుడికి పరిహారం పొందడం దూరం వల్ల, ఖర్చు వల్ల, జాప్యం వల్ల దుస్సాధ్యమని ఆ నివేదికే రాసింది. రెవెన్యూ, పోలీసు అధికారాలు ఒకే చేతిలో ఉండటాన్ని విమర్శించింది. 1859 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీలో పోలీసు శాఖ రెవెన్యూ నుంచి విడిపోయింది. ఆ చీలిక ఇంకా పదిహేనేళ్ల ముందే వచ్చి ఉంటే కోయిలకుంట్లలో ఏం జరిగేదన్నది ఊహ. చరిత్ర వ్యాసంలో దానికి చోటు లేదు.

ఈ పరిశోధనను ముందుకు తీసుకుపోదలచిన వారికి ఒక ఆచరణాత్మక సూచన. 1858లో కోయిలకుంట్ల, కంభం, మార్కాపురం తాలూకాలను కడప నుంచి కర్నూలుకు మార్చారు. అందుచేత 1858కి ముందు అర్జీల కోసం కడప జిల్లా కాగితాలను, తరువాతి వాటికోసం కర్నూలు కాగితాలను చూడాలి. చెన్నైలోని తమిళనాడు రాష్ట్ర అభిలేఖాగారంలో ఉన్న రెవెన్యూ బోర్డు ప్రొసీడింగుల్లో సాధారణంగా దొరికేది ఇంగ్లీషు సారాంశం. దానిలో అర్జీదారు పేరు, ఊరు, కోరిక రెండు పంక్తుల్లో ఉంటాయి. ఆ రెండు పంక్తుల నుంచి వెనక్కు నడిచి తెలుగు మూలాన్ని పట్టుకోగలిగితే, మొదట చూడవలసింది కోరిక ఏమిటన్నది కాదు. ఆ కాగితం వెనుక వైపు తిప్పి, దాన్ని ఎవరికి పంపమన్నారో చదవాలి.